యాకమ్మ జాగాలో

"పేపర్ల ఎవరి పేరు లేదు గదా అన్నా!"

పొద్దుటి నుంచి కావ్య ఈ మాట అనడం ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"పేరెందుకే? పేరు రాయకుండనే నా ఇజ్జత్ తీసినవ్!" ఓంప్రకాశ్ నిన్నటి పేపరును టీపాయ్ మీదికి విసిరాడు. అది జారి కింద పడింది. "హసన్‌పర్తి దిక్కు కాలేజీ అని రాసిరి. కెమిస్ట్రీ అని రాసిరి. ఆడమనిషి ఒక్కతే అని రాసిరి. ఇంకేం మిగిలింది? ఓంప్రకాశ్ సార్ పెండ్లామని చిన్న పోరడు గూడ చెప్తడు!"

కావ్య నోరు మూసుకుంది. మూసుకోక ఏం చేస్తుంది? తప్పు తనదే. ప్రైవేటు కాలేజీల్లో ఆడ లెక్చరర్లకు ఎంతిస్తున్నారు, మగవాళ్ళకు ఎంతిస్తున్నారు అని పీహెచ్‌డీ కోసం ఊరంతా తిరిగి చెప్పులరగదీసుకున్న పిల్ల. మీ పేరు ఎక్కడా బయటికి రాదని ఒక్కొక్కరికీ మాటిచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం పేర్లు తీసేసింది, కాలేజీల పేర్లూ తీసేసింది. కాలేజీ ఏ దిక్కున ఉందో, సబ్జెక్టు ఏదో మాత్రం ఉంచేసింది. ఆ సబ్జెక్టు చెప్పే ఆడమనిషి ఆ కాలేజీ మొత్తానికి ఒక్కతేనని, ఆ ఒక్కతీ తన సొంత వదినేనని సెమినార్లో పట్టిక చదివేటప్పుడు గుర్తుకు రాలేదు. పేపరువాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు.

'కెమిస్ట్రీ. స్త్రీ, ఒకరు. అనుభవం ఏడేళ్ళు. నెల జీతం: తెలియదు.'

మిగతా వాళ్ళందరికీ ఏదో ఒక అంకె ఉంది. తక్కువో ఎక్కువో, అంకె అంటూ ఉంది. ఈ ఒక్క గడిలోనే 'తెలియదు' అని ఉంది. నిన్నంతా ఊరు నవ్వింది ఆ ఒక్క మాటకే.

ఎమ్మెస్సీ చదివిన మనిషికి తన జీతమెంతో తెలియదా అని మీకూ నవ్వొస్తుందేమో. నవ్వండి. కాకపోతే మీ ఇంట్లో ఎవరి జీతం ఎవరి చేతిలో పడుతుందో ఒకసారి చూసుకుని మరీ నవ్వండి.

"పెద్దలు ఊకనే అన్లే," ఓంప్రకాశ్ ఇంకా ఆపలేదు. "ఆడోళ్ళ వయసు, మొగోళ్ళ జీతం అడగొద్దని!"

"నేనడిగింది ఆడోళ్ళ జీతమే గదన్నా? దాన్ని అడగొద్దని ఏ పెద్ద చెప్పిండు?"

"నోరు లేస్తాంది నీకు!"

నోరు లేవడం కాదు, కావ్యకు ఏడుపొస్తోంది. వంటింట్లోంచి చప్పుడు లేదు. వదిన అరిచినా బాగుండేది, తిట్టినా బాగుండేది. నిన్నటి నుంచి సుకన్య ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. చాటలో బియ్యం పోసుకుని ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది.

గోడ మీది ఫోటో కింద చాప వేసుకుని కూర్చున్న భద్రమ్మ ఉన్నట్టుండి తల ఎత్తింది.

"ఊకోండ్రి. ఆమె ఇంటాంది."

"ఎవరమ్మా?" అన్నాడు కొడుకు.

"ఇంకెవరు? యాకమ్మ. నిన్నటి సంది ఎనుక అర్రల తిరుగుతాంది. మట్టెల సప్పుడు నాకినబడ్తాంది."

ఓంప్రకాశ్ తల పట్టుకున్నాడు. తల్లి మాటలకు అలవాటు పడ్డవాడే గానీ, ఈ రోజు మాత్రం వెనక అర్ర వైపు చూడకుండా ఉండలేకపోయాడు. ఆ తలుపు దగ్గరికి వేసే ఉంది.

యాకమ్మ ఓంప్రకాశ్ మొదటి భార్య. అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్ల అని ఆ పేరు పెట్టారు. ఓంప్రకాశ్ పనిచేసే కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పేది. ఎనిమిదేళ్ళ కింద ఆ వెనక అర్రలోనే కామెర్లతో పోయింది. ఏడాది తిరిగాక సుకన్య ఈ ఇంటికి వచ్చింది.

రెండో పెళ్ళి కదా, పద్ధతి తప్పకుండా సుకన్య పుస్తెలతాడులో యాకమ్మ పేరు మీద ఒక చిన్న వెండి బిళ్ళ కూడా గుచ్చారు. ఇంటికి కొత్త చీర వస్తే ముందు యాకమ్మ ఫోటో ముందు పెట్టాలి. చనిపోయినామె కట్టుకున్నట్టు లెక్క. ఆ తర్వాతే బతికున్నామె కట్టుకోవాలి. సుకన్య దానికేమీ అనుకోలేదు. పోయిన మనిషితో పంతమేమిటని ఊరుకుంది.

ఇంట్లో ఆ పద్ధతి ఉందంటే సరే. కాలేజీలో ఎవరు పెట్టారో గానీ అక్కడా అదే పద్ధతి! ల్యాబులో సీసాల మీది చీటీలన్నీ యాకమ్మ రాతే. టైంటేబులు బోర్డు మీద కెమిస్ట్రీ పీరియడ్ల దగ్గర ఇప్పటికీ యాకమ్మ పేరే. సుకన్యకు అపాయింట్‌మెంట్ ఆర్డరంటూ ఒకటి లేదు. "యాకమ్మ మేడం జాగల వచ్చింది," అన్నాడు కరస్పాండెంట్ కిషన్ రావు మొదటి రోజే, స్టాఫ్ అందరి ముందు. అంతే, ఆ జాగాలో నిలబడి ఏడేళ్ళుగా పాఠం చెబుతోంది. జీతం సంగతి అడిగితే ఓంప్రకాశ్ తల్లికి చెప్పిందే చెల్లెలికీ చెప్పాడు. "మా ఇద్దరిది కలిపి నా అకౌంట్లనే ఏస్తరు. యాకమ్మప్పటి సంది గంతే."

అలా అని అందరికీ చెప్పాడు. సుకన్యకు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె అడగలేదు కదా.

గేటు చప్పుడైంది. భద్రమ్మ ఉలిక్కిపడింది. వచ్చింది కాలేజీ అటెండరు కట్టయ్య. చెప్పులు గడప బయట విడిచి, చేతిలో ఒక కవరుతో లోపలికి వచ్చాడు.

"నమస్తే సార్. కరస్పాండెంట్ సార్ పంపిండు. యాకమ్మ మేడంతోని సంతకం పెట్టియ్యమన్నడు." నాలుక కరుచుకున్నాడు. "అదే... సుకన్య మేడంతోని. నోరు తిరుగతలేదు సార్, అలవాటయింది."

అతను ఎప్పుడూ ఇలాగే తడబడతాడు, ఎప్పుడూ ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు వంటింట్లో బియ్యం చప్పుడు ఆగింది.

"కాలేజీల ఎట్లున్నది కట్టయ్యా?" ఓంప్రకాశ్ గొంతు తగ్గించాడు.

"ఏం చెప్పాలె సార్! స్టాఫ్ రూమంత ఆగమాగమున్నది. ఆడ మేడమ్‌లంత తలుపేసుకొని ఒకరి జీతం ఒకరు చెప్పుకుంటాండ్లు. తెలుగు మేడం ఏడుస్తాంది. ఆమె తర్వాత చేరిన సార్‌కు ఆమె కంటె ఎక్కువున్నదట. అందరు కలిసి ఆఫీసుల అడిగితే, కిషన్ రావు సార్ పేపర్ల వచ్చింది అంత అబద్ధమన్నడు. మరి సుకన్య మేడం వచ్చి మా ముందల చెప్పాలె అని కూసున్నరు."

కావ్య మొహంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. మూడేళ్ళు బతిమాలితే గానీ, అదీ చాటుగా తప్ప, పెదవి విప్పని మనుషులు, ఒక్క 'తెలియదు' చూసి తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు! సంతోషించాలో భయపడాలో ఆ పిల్లకు అర్థం కాలేదు.

ఓంప్రకాశ్ కవరు చించి కాగితం తీశాడు. టైపు చేసిన నాలుగు వరుసలు. చదివి, ఊపిరి పీల్చుకుని, వంటింటి వైపు తిరిగాడు.

"సుకన్యా. ఒకసారిట్రా."

ఆమె వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది. మొహం కడుక్కున్నట్టు ఉంది గానీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"ఏం లేదు, చిన్న సంతకం. సర్వేల పొరపాటున అట్ల చెప్పిన, కాలేజీ నాకు నెల నెల జీతం ఇస్తాంది, నాకేం ఫిర్యాదు లేదు అని. గంతే. సంతకం పెట్టేదాక మనిద్దరిని కాలేజీకి రావద్దన్నడు కిషన్ రావు సార్. పెట్టకపోతే ఇద్దరి నౌకరి పోతది. అర్థమవుతాందా? ఇద్దరిది."

సుకన్య కాగితం అందుకుంది. చదివింది. ఒక చోట వేలు పెట్టి ఆగింది.

"ఇక్కడ ఖాళీ ఉన్నదండీ."

పేపరు వచ్చిన తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"ఏది?"

"నెలకు ఇంత జీతం అని ఉన్నది. ఎంత అన్న కాడ ఖాళీ ఉన్నది. ఎంతని రాయాలె?"

ఓంప్రకాశ్ పెన్ను మూత తీసి ఆమె ముందుకు చాచాడు. "అది వాళ్ళు రాసుకుంటరు. నువ్వు కింద సంతకం పెట్టు."

"నా జీతమే గదండీ. నేనే రాస్త. ఎంతో చెప్పుండ్రి."

"చెప్పిన గదా, వాళ్ళు రాసుకుంటరని!"

"మీకు తెలుసు గదా. ఇద్దరిది కలిపి మీకే వస్తదని అందరికి చెప్తిరి గదా. అండ్ల నాదెంత?"

కట్టయ్య గోడకానుకుని నేలచూపులు చూస్తున్నాడు. ఓంప్రకాశ్ మెడ మీద చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"సంసారంల నాది నీది ఉంటదా?" అన్నాడు చివరికి. "నేనెన్నడన్న నీకు తక్కువ చేసిన్నా?"

"మా నాయిన రైల్వేల చేసిండు," అంది సుకన్య. గొంతు నెమ్మదిగానే ఉంది. "కాజీపేట కాలనీల ఎవరి జీతమెంతో అందరికి ఎర్కనే. గ్రేడు చెప్తే చిన్నపిల్లలు గూడ లెక్క చెప్తుండె. దాంతోని ఎవరి ఇల్లు కూలలె. నేను గా కాలనీల పెరిగిన. గీ ఇంటికొచ్చినంక నా జీతం గూడ అడుగుడు మర్చిపోయిన. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"నా జాగ అని అనుకోలే నేను. అక్క జాగల నిలబడ్డ అనుకున్న. పైసలు గూడ ముందుగాల అక్కకే పోతయేమో, ఆమె కట్టిన చీర నాకొచ్చినట్టు మిగిలింది నాకొస్తదేమో అనుకున్న."

అప్పుడు భద్రమ్మ చాప మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో లేచి, ఫోటో వైపు కాకుండా కొడుకు వైపు చూసింది.

"యాకమ్మకు గూడ పైస ఇయ్యలే బిడ్డా నువ్వు."

"అమ్మా, నువ్వు ఊకో!"

"ఊకున్న గదరా. ఎనిమిదేండ్లు ఊకున్న. ఇగ ఊకుంటె ఆమె నన్ను ఊకోనిస్తలేదు." ముసలామె వెనక అర్ర తలుపు వైపు చెయ్యి చూపింది. "యాకమ్మకు కామెర్లు ముదిరినయ్. పసరు మందు పనిచేస్తలేదు. నీ చెయ్యి పట్టుకున్నది. నన్ను హైదరాబాద్ దవాఖానకు తీస్కపోండ్రి, నా జీతం పైసలున్నయ్ గదా అన్నది. నువ్వేమన్నవ్? చెప్పు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఓంప్రకాశ్ వంగి కింద పడ్డ పేపరు తీశాడు.

"నీ పైసలు వేరే ఏడున్నయే, అంత ఒక్కటే గదా అన్నవ్. నెల పడనియ్యి, పోదాం అన్నవ్. నెల పడ్డది. ఆమె లేదు." భద్రమ్మ సుకన్య చెయ్యి పట్టుకుంది. "నిన్నటి సంది అదే అడుగుతాంది బిడ్డా. అర్రలకెల్లి అదే మాట. నా పైసలేడియి అత్తమ్మా అని."

ఈ ఏడేళ్ళలో సుకన్య యాకమ్మకు భయపడని రోజు లేదు. ల్యాబులో ఆ రాత చూసినా, అద్దంలో ఆ బిళ్ళ చూసినా, వెనక ఎవరో నిలబడి తన తప్పులు లెక్కపెడుతున్నట్టు ఉండేది. సవతి అంటే పగ అని కదా లోకం చెప్పింది. ఇన్నాళ్ళకు తెలిసింది, ఆమె పగతో తిరగడం లేదు. జవాబు కోసం తిరుగుతోంది. పాపం, చచ్చిన తర్వాత కూడా తన జీతమెంతో తెలియని మనిషి!

కావ్య ఏడుస్తోంది. "వదినా, నువ్వు సంతకం పెట్టు. నా థీసిస్ పోతే పోనియ్యి. ఆ వరుస తప్పని నేనే రాసిస్త. నీ నౌకరి పోవద్దు."

"తప్పెట్లయితది కావ్యా? నేను తెలియదన్న. నాకు తెలియదు."

టీపాయ్ మీద ఓంప్రకాశ్ ఫోను మోగింది. కిషన్ రావు పేరు కనబడుతోంది. ఓంప్రకాశ్ చెయ్యి చాచాడు గానీ, సుకన్య దగ్గరగా ఉంది. ఆమె ఫోను తీసి స్పీకరు నొక్కింది.

"ఏమాయెనయ్యా, సంతకమాయెనా?" కిషన్ రావు గొంతు గదంతా వినబడింది. "ఆడోళ్ళు ఇంక కదుల్తలేరు ఇక్కడ. హలో? ఓంప్రకాశ్?"

"ఆయన కాదు సార్."

"ఎవరమ్మా?"

సుకన్య వెనక అర్ర తలుపు వైపు చూసింది.

"యాకమ్మను," అంది.

కట్టయ్య గోడ నుంచి విడివడ్డాడు. "తల్లీ!" అంటూ భద్రమ్మ చేతులు జోడించింది.

"యాకమ్మను సార్. కెమిస్ట్రీ చెప్తాన. కాగితంల జీతమెంతో రాయాలెనట. నాకు తెల్వదు. జర చెప్పుండ్రి."

అవతల కిషన్ రావు గట్టిగా ఊపిరి వదిలాడు. కోపమొచ్చిందో భయమేసిందో గానీ, మనిషి తొందరలో నోరు జారాడు.

"ఏం పరాచికాలమ్మా ఇయ్యి? యాకమ్మ పోయి ఎన్నేండ్లాయె! ఆమె జీతం ఆమెతోనే బందాయె."

"బందాయెనా? మరి సుకన్యది?"

"నీకు వేరే జీతమేడిదమ్మా? మీ ఆయనను వైస్ ప్రిన్సిపాల్ చేసిననాడే మాట్లాడుకున్నం గదా! ఆయనకు ఆ కుర్చీ, నువ్వు ఊకనే క్లాసులు చెప్పుడు. ఆయనే అన్నడు, ఇంట్ల ఖాళీగనే కూసుంటది సార్, దానికి గూడ పొద్దుపోతదని. నీకు... నీకు ఎర్కలేదా? ఓంప్రకాశ్‌కు ఫోనియ్యమ్మా. హలో?"

సుకన్య ఫోను ఆపేసింది. మెల్లగా టీపాయ్ మీద పెట్టింది.

ఎంతో కొంత ఉందనుకుంది. తక్కువే కావచ్చు, యాకమ్మ తిన్నాక మిగిలిందే కావచ్చు, ఏదో ఒక అంకె ఉండే ఉంటుందనుకుంది. పొద్దున్నే లేచి వండి, కాలేజీకి పోయి నిలబడి, గొంతు పోయేలా చెప్పి, సాయంత్రం పేపర్లు దిద్దిన ఏడేళ్ళకు అసలు అంకే లేదు. ఆ కుర్చీలో ఆయన కూర్చున్నాడు, దాని వెల ఈమె కట్టింది.

"అన్నా," అంది కావ్య.

"ఎన్నడు చెప్దామనుకున్నవ్?" అని అడిగింది సుకన్య.

ఆమె భర్తను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఓంప్రకాశ్‌కు ముందు తగిలింది ఆ పిలుపే. చురుక్కున తలెత్తాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాడు.

సుకన్య అతని చేతిలోని పెన్ను తీసుకుంది. కాగితాన్ని టీపాయ్ మీద పరిచి, ఖాళీ ఉన్న చోట సున్న చుట్టింది. కింద తన పేరు రాసింది, పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు, గుండ్రంగా, పిల్లలకు బోర్డు మీద రాసినట్టు. కాగితం మడవకుండానే చేతిలోకి తీసుకుంది.

"కట్టయ్యా, బండి తియ్యి. నేనొస్తాన."

"ఎక్కడికి మేడం?"

"స్టాఫ్ రూముకు. నన్ను చెప్పమన్నరు గదా, చెప్తా."

ఆమె చెప్పులేసుకునే లోపే ఓంప్రకాశ్ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ తలుపు చెక్కలకు ఆనించాడు.

"ఇప్పుడు గడప దాటినవంటే నా నౌకరి ఉండదు సుకన్యా. ఈ ఇల్లుండదు. ఒక్కసారి ఆలోచించు."

"జరుగు," అంది సుకన్య.

వెనక నుంచి భద్రమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడింది. కావ్య ఇంకో పక్కకు వచ్చింది. అప్పటికే బయటికి వెళ్ళిన కట్టయ్య బండి స్టార్టు చేశాడు.

ఓంప్రకాశ్ జరగలేదు.